ఆస్తమా యాప్ ఉంటే మందులు మనమే సర్దుకోవచ్చా?

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. పాలకొల్లు దగ్గర రైస్ మిల్లులో గుమాస్తాని. ఆస్తమాకి డాక్టర్ గారు రెండు ఇన్‌హేలర్లు రాశారు. ఆయాసం వస్తే నీలం రంగుది కొట్టుకుంటున్నాను. రెండోది అలవాటైపోతుందని మానేశాను. మా అమ్మాయి ఫోన్‌లో ఆస్తమా యాప్ వేసింది. అది చూసుకుంటూ మందులు నేనే సర్దుకోవచ్చా?

జవాబు: యాప్ ఉంచుకోండి. మందులు మాత్రం మీరు సర్దకండి. ముందు ఆ మానేసిన ఇన్‌హేలర్ సంగతి చూడాలి. అది బహుశా స్టెరాయిడ్ ఉన్నది. శ్వాసనాళాల లోపలి వాపును తగ్గించేది అదే. దానికి అలవాటు పడిపోవడం అంటూ ఏమీ ఉండదండి. నీలం రంగుది నాళాలను 4-6 గంటలు తెరిచి ఉంచుతుందంతే, వాపు అలాగే ఉండిపోతుంది. పెద్దవాళ్లకి ఆ ఒక్కదానితోనే నెట్టుకురావద్దని అంతర్జాతీయ ఆస్తమా మార్గదర్శకాలు 2019 నుంచీ చెబుతున్నాయి. మీ డాక్టర్ని అడిగి రెండోది మళ్లీ మొదలుపెట్టండి.

ఇక్కడ యాప్ పనికొస్తుంది, మందు వేళకి గుర్తుచేస్తుంది. ఇలాంటి రిమైండర్లతో మందు క్రమం తప్పకుండా వాడటం మెరుగవుతుందని చాలా అధ్యయనాలను కలిపి పరిశీలించిన 2022 నాటి కాక్రేన్ సమీక్షలో తేలింది. అలారం పళ్లు తోముకునే టైముకి పెట్టుకోండి. స్టెరాయిడ్ పీల్చాక ఎలాగూ నోరు పుక్కిలించాలి, లేకపోతే నోట్లో తెల్లపూత వస్తుంది.

నీలం ఇన్‌హేలర్ వాడిన ప్రతిసారీ యాప్‌లో రాయండి. ఎప్పుడు, ఎక్కడ అన్నది కూడా. మిల్లులో ఊక దుమ్ము లేచినప్పుడా, దాళ్వా కోతలయ్యాక గడ్డి తగలబెట్టినప్పుడా, తెల్లవారుజామునా? వారంలో రెండుసార్లకు మించి అవసరమైతే ఆస్తమా అదుపులో లేనట్టే. ‘పర్లేదండీ, బానే ఉంది’ అనే మాట కన్నా ఆ లెక్క డాక్టర్‌కి ఎక్కువ చెబుతుంది.

ఫోన్ మైకులోకి ఊదితే ఊపిరితిత్తుల బలం చెబుతామనే యాప్‌లను నమ్ముకోకండి. ఊపిరి ఎంత వేగంగా ఊదగలరో కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఖరీదైనదేమీ కాదు, అది కొనుక్కుని ఆ అంకెలు నింపండి. బాగున్న రోజుల్లో వచ్చే మీ అత్యధిక అంకెలో సగం కన్నా తక్కువ వచ్చినా, ఒక వాక్యం పూర్తిచేయలేనంత ఆయాసం వచ్చినా యాప్ తెరుస్తూ కూర్చోవద్దు. నీలం ఇన్‌హేలర్ పీల్చి 108కి ఫోన్ చేయండి.

మందు లోపలికి వెళ్తోందో, నాలుక మీదే పడుతోందో యాప్‌కి తెలియదు. నా దగ్గరకొచ్చే వాళ్లలో చాలామంది నొక్కేశాక పీలుస్తారు, వెంటనే ఊపిరి వదిలేస్తారు. మెల్లగా పీల్చడం మొదలుపెడుతూ నొక్కాలి, తర్వాత 10 సెకన్లు బిగపట్టాలి. కుదరకపోతే స్పేసర్ (ఇన్‌హేలర్‌కి తగిలించుకునే గొట్టం) అడగండి. ఈసారి డాక్టర్ దగ్గరికి ఫోన్‌తో పాటు రెండు ఇన్‌హేలర్లూ పట్టుకెళ్లి, ఎలా పీలుస్తున్నారో ఆయన ముందే ఒకసారి చేసి చూపించండి.