బీకామ్ చదివి, ఉద్యోగం చేస్తూ ఎఫ్‌ఆర్‌ఎం పార్ట్ 1 రాయొచ్చా?

నానక్‌రామ్‌గూడలో ఒక బ్యాంకు బ్యాక్ ఆఫీసులో సెటిల్‌మెంట్స్ (ట్రేడ్ అయ్యాక డబ్బు, సెక్యూరిటీలు చేతులు మారే పని) చూస్తున్నానని, లెక్కలు పదో తరగతితోనే వదిలేశానని రాశారు. వచ్చే మే నెలలో ఎఫ్‌ఆర్‌ఎం (ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్ అనే సర్టిఫికేషన్) పార్ట్ 1 రాయాలంటే ఉద్యోగం మానేయాలా, కోచింగ్‌లో చేరాలా అని అడిగారు. నాదీ సీఈసీ, బీకామే. 2023 నవంబరులో రాసి ఫెయిలయ్యాను, 2024 మేలో పాసయ్యాను. మధ్యలో నేను మార్చుకున్న పద్ధతి ఒక్కటే, అందుకే దాని గురించే ఎక్కువ రాస్తున్నాను.

మొదటిసారి నోట్సు మూడుసార్లు తిరగేశాను. లెక్కల దగ్గరికి వచ్చేసరికి పుస్తకంలో చేసి ఉన్నదాన్ని చూసి, అర్థమైందనుకుని పేజీ తిప్పేసేదాన్ని. పరీక్షలో 100 ప్రశ్నలు, 4 గంటలు. ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు కూడా రావు. నేను 60వ ప్రశ్న దగ్గరుండగానే మూడు గంటలు అయిపోయాయి. చివరి పాతిక ప్రశ్నలు దాదాపు చదవకుండానే టిక్కు పెట్టాను. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదీ ఖాళీగా వదలొద్దు, అది వేరే విషయం. కానీ ఆ పాతికలో నాకు వచ్చినవే చాలా ఉన్నాయన్న బాధ చాలా రోజులు పోలేదు.

రెండోసారి రోజూ లెక్క చేశాను, అంతే. చిన్న ఉదాహరణ చెప్తాను. పది కోట్ల పోర్ట్‌ఫోలియో, ఏడాది వోలటిలిటీ (విలువలో ఒడిదొడుకులు) 25 శాతం, 99 శాతం నమ్మకంతో ఒక రోజు వాల్యూ ఎట్ రిస్క్, అంటే వందలో 99 రోజులు నష్టం దాటని హద్దు, ఎంత? ముందు 0.25ను 252 (ఏడాదిలో ట్రేడింగ్ రోజులు) వర్గమూలంతో భాగించాలి. బీఏ టూ ప్లస్ క్యాలిక్యులేటర్ కొన్నప్పుడు రెండు దశాంశాలే చూపిస్తుంది, కాబట్టి స్క్రీన్ మీద 0.02 కనిపిస్తుంది. అది కాగితం మీద రాసుకుని, మళ్లీ నొక్కి, 99 శాతానికి వాడే 2.33తోనూ పది కోట్లతోనూ గుణిస్తే 46.6 లక్షలు వస్తుంది. అసలు విలువ 0.01575 దగ్గర ఉంది, సరైన జవాబు దాదాపు 36.7 లక్షలు. ఆప్షన్లలో 46.6 కూడా ఉందనుకోండి, తప్పు చేశామన్న అనుమానమే రాదు. ఇంట్లో రాసిన ఒక మాక్‌లో నేను సరిగ్గా ఇలాగే మూడు ప్రశ్నలు పోగొట్టుకున్నాను. కొన్న రోజే సెట్టింగు మార్చి కనీసం నాలుగు దశాంశాలు పెట్టుకోండి, మధ్యలో వచ్చిన విలువను మెమరీలో దాచడం నేర్చుకోండి. ఇలాంటివి చేత్తో చేస్తేనే బయటపడతాయి.

టైం దొరకదంటారేమో. మాది ఉప్పల్ వైపు. నాగోల్ మొదటి స్టేషన్ కాబట్టి మెట్రోలో సీటు దొరికేది, రాయదుర్గం దిగేలోపు పది లెక్కలు అయ్యేవి. శనివారాలు చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి వెళ్లేదాన్ని. చుట్టూ గ్రూప్స్‌కు చదివేవాళ్లు, ఎవరూ తల ఎత్తరు, ఆ వాతావరణం నాకు చాలా సాయపడింది. ఆదివారం మాత్రం ఇంట్లోనే నాలుగు గంటల మాక్. అమ్మ ఫోన్లో అలారం పెట్టి, గంటకోసారి తలుపు దగ్గరికొచ్చి వేలు చూపించేది, ఒకటి, రెండు, మూడు. రెండో వేలికి 50 ప్రశ్నలు దాటాలని లెక్క పెట్టుకున్నాను. మొదటి మాక్‌లో 38 దగ్గరున్నాను, ఆరోదానికి 54కి చేరాను. అప్పటికి టెన్షన్ సగం తగ్గింది.

సబ్జెక్టుల సంగతి క్లుప్తంగా. ఫైనాన్షియల్ మార్కెట్స్ అండ్ ప్రొడక్ట్స్‌కు 30 శాతం, వాల్యుయేషన్ అండ్ రిస్క్ మోడల్స్‌కు 30 శాతం, ఫౌండేషన్స్‌కు 20, క్వాంటిటేటివ్ అనాలిసిస్‌కు 20. లెక్కలు రావని క్వాంట్‌ను చివరికి నెట్టకండి, మొదట అదే పట్టుకోండి. ప్రాబబిలిటీ, రిగ్రెషన్ రాకపోతే వాల్యుయేషన్ సబ్జెక్టు సగం అర్థం కాదు. పాస్ మార్కు ఎంతో ఈ పరీక్ష పెట్టే గార్ప్ సంస్థ బయటపెట్టదు, ఫలితంతో పాటు ఏ సబ్జెక్టులో ఏ క్వార్టైల్‌లో (రాసినవాళ్లను నాలుగు భాగాలు చేస్తే ఏ భాగంలో) ఉన్నారో మాత్రం పంపుతుంది. మొదటిసారి నాకు క్వాంట్‌లో నాలుగు వచ్చింది, అంటే అట్టడుగు. ఏది మళ్లీ చదవాలో దాన్నిబట్టే తెలిసింది.

కోచింగ్ తప్పనిసరి కాదు. వీడియోలు చూస్తూ కూర్చుంటే లెక్క చేసిన తృప్తి వస్తుంది, లెక్క రాదు. మీకు నిజంగా అడ్డం పడుతున్నది క్వాంట్ ఒక్కటే అయితే, ఆ ఒక్కదానికి ఎవరైనా ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివినవాళ్ల దగ్గర నెల రోజులు కూర్చోండి. పరీక్ష ఫీజు ముందే కట్టేయండి. నేను కట్టినప్పుడు ఎన్‌రోల్‌మెంట్‌కు 400 డాలర్లు, పరీక్షకు తొందరగా కడితే 600, ఆలస్యమైతే 800. మళ్లీ రాసినప్పుడు ఎన్‌రోల్‌మెంట్ కట్టక్కర్లేదు.

ఉద్యోగం మాత్రం మానకండి. ఫౌండేషన్స్‌లో బేరింగ్స్ బ్యాంకు కథ వస్తుంది. సింగపూర్‌లో నిక్ లీసన్ ట్రేడింగూ తనే చేశాడు, సెటిల్‌మెంటూ తనే చూశాడు. నష్టాలన్నీ 88888 అనే ఖాతాలో దాచాడు, 1995లో బ్యాంకు కుప్పకూలింది. కొత్తగా చదివేవాళ్లు ఇది బట్టీ పడతారు. మీరు రోజూ మేకర్-చెకర్ చేస్తున్నారు, ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు ఎందుకు అప్రూవ్ చేయాలో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పైగా రెండు పార్ట్‌లూ పాసయ్యాక సర్టిఫికేషన్‌కు రెండేళ్ల పూర్తికాల అనుభవం చూపించాలి, అదీ రిస్క్‌కు సంబంధించిన పనిలో. మీ టీం పక్కన కొలేటరల్‌గానీ మార్జిన్‌గానీ (ట్రేడ్‌లకు పూచీగా తీసుకునే ఆస్తులు, డబ్బు) చూసే టీం ఉంటే, అందులోకి మారడం కుదురుతుందేమో ఈ నెలలోనే మీ మేనేజర్‌ని అడిగి చూడండి.