సూపర్ కంప్యూటర్ ప్రొఫెసర్ ఇంటికి టైముకి వస్తాడా?

ప్రశ్న: మా అబ్బాయికి హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఈ లైన్లో ప్రొఫెసర్ అయితే పని ఎలా ఉంటుంది? ఇంటికి టైం దొరుకుతుందా?

పద్దెనిమిదేళ్ళుగా అదే పనిలో ఉన్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. మీ వాడి జీవితం వాడి తెలివి మీద కాదు, ఏసీ మీద ఆధారపడి ఉంటుంది. నవ్వకండి.

మా క్లస్టర్లో, అంటే కలిపి ఒకే యంత్రంలా వాడే కంప్యూటర్ల గుంపులో, 48 నోడ్లు, అంటే 48 కంప్యూటర్లు. ఫుల్ లోడు మీద ఒక్కోటీ దాదాపు అర కిలోవాట్ తింటుంది. అంటే రెండు డజన్ల ఇస్త్రీపెట్టెలు ఆన్ చేసి, గది తలుపేసి వచ్చేసినట్టు. ఆ వేడిని బయటికి తోడటానికి రెండు పెద్ద ఏసీలు. నేను చెప్పబోయే రోజుకి అందులో ఒకటి మూడు నెలలుగా మూలపడి ఉంది. దాని ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఫైలు 'ప్లీజ్ డిస్కస్' అన్న రాతతో టేబుల్ మారుతూ తిరుగుతోంది. ఎవరితో డిస్కస్ చెయ్యాలో మాత్రం రాయలేదు.

మూడేళ్ళ కిందట, మే నెల. భీమవరంలో మా అమ్మాయి ఓణీల ఫంక్షన్. నేను పంచె కట్టుకుని గుమ్మంలో నిలబడి చుట్టాలని రండి రండి అంటున్నాను. ఫోన్‌కి అలర్ట్ వచ్చింది: సర్వర్ రూం 31 డిగ్రీలు. ఉండాల్సింది 22. చూస్తుండగానే 33. రెండో ఏసీ కూడా పోయింది.

మెల్లగా జారుకుని షామియానా వెనక, వంటలు చేసే చోటికి వెళ్ళాను. అక్కడైతే సిగ్నల్ బాగుంది. పసుపు చేతులతో ఫోన్లో కమాండ్లు కొట్టి ఒక్కో నోడూ ఆపేస్తున్నాను. హైదరాబాద్‌లో క్యాంపస్ సెక్యూరిటీ అతనికి ఫోన్ చేసి తలుపులు తీసి స్టాండు ఫ్యాన్లు పెట్టమన్నాను. "సార్, లోపల అగ్గి లెక్కుంది సార్. మిషన్లు గట్టిగ మొత్తుకుంటున్నయ్" అన్నాడు. పక్కన గరిటె తిప్పుతున్న వంట మేస్త్రీ నా మొహం చూసి దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఏదైనా లోను గొడవాండీ?" అని అడిగాడు.

నలభై నోడ్లు ఆపేశాను. మిగిలిన ఎనిమిదింటి దగ్గర చెయ్యి ఆగిపోయింది. కెమిస్ట్రీ డిపార్ట్‌మెంట్ అమ్మాయి జాబ్ ఒకటి, అంటే ఆవిడ ఇచ్చిన లెక్క, వాటి మీద 69 గంటలుగా నడుస్తోంది. మా దగ్గర ఒక జాబ్‌కి 72 గంటలే లిమిట్. మధ్యమధ్యలో చెక్‌పాయింట్ రాసుకోమని, అంటే అప్పటిదాకా అయింది సేవ్ చేసుకోమని, ఏటా మొదటి క్లాసులో చెప్తాను, ఎవరూ వినరు. ఈ అమ్మాయీ వినలేదు. ఇప్పుడు ఆపితే మళ్ళీ సున్నా నుంచి మొదలు. సరే, ఈ ఎనిమిదింటినీ ఫ్యాన్ల మీదే నెట్టుకొద్దామనుకున్నా. 38. 39. మా ఆవిడ వచ్చి, "ఏవండీ, అక్షింతలెయ్యడానికి పిలుస్తున్నారు. ఇవాళ కూడానా?" అంది. వెళ్ళి, ఎడమచేత్తో ఫోన్ పట్టుకునే కుడిచేత్తో అక్షింతలు వేసి వచ్చాను. వీడియోలో అది చక్కగా కనిపిస్తుంది. మా అత్తగారు ఇప్పటికీ అక్కడ పాజ్ చేసి మరీ వచ్చినవాళ్ళకి చూపిస్తారు.

41 దగ్గర ఆగింది. మధ్యాహ్నం రెండు దాటాక జాబ్ పూర్తయింది. సోమవారం ఆ అమ్మాయి ల్యాబ్‌కి వచ్చి బిక్కమొహం వేసుకుని చెప్పింది: ఇన్‌పుట్ ఫైల్లో 300 కెల్విన్ ఉండాల్సిన చోట 30 అని పడిందట. ఇక్కడ నా గది ఉడికిపోతుంటే, ఆవిడ లెక్కలోని నీళ్ళు మైనస్ 243 డిగ్రీల్లో గడ్డకట్టుకుని హాయిగా కూర్చున్నాయన్నమాట. 69 గంటలూ, ఆ తర్వాతి మూడు గంటలూ దండగ.

ఆ రోజు నాకు దక్కిందల్లా ఒక పాఠం, అదీ వంట మేస్త్రీ దగ్గర. ఆరు పొయ్యిలు వెలుగుతున్నాయి కదా, ఆలస్యం దేనికని అడిగితే, "పొయ్యిలు పన్నెండు పెట్టండి బాబూ, తిరగమోత వేసేది నేనొక్కణ్ణే కదండీ" అన్నాడు. 1967లో జీన్ ఆమ్డాల్ అనే కంప్యూటర్ ఇంజనీరు అన్నది అచ్చంగా ఇదే. పనిలో 5 శాతం ఒకరే చెయ్యాల్సి వస్తే, వెయ్యి ప్రాసెసర్లు పెట్టినా వేగం 20 రెట్లు మించదు. అప్పటినుంచి క్లాసులో ఈ ఫార్ములా తిరగమోతతోనే మొదలుపెడుతున్నా. పిల్లలు ఫార్ములా మర్చిపోతారు, తిరగమోత మర్చిపోరు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. జూన్‌లో, నవంబర్‌లో ప్రపంచంలోని వేగమైన కంప్యూటర్ల టాప్ 500 జాబితా రాగానే మన యంత్రం ఎన్నో స్థానం అని పేపర్లవాళ్ళు హడావుడి చేస్తారు. ఆ జాబితా 1993 నుంచి లిన్‌ప్యాక్ అనే, పెద్ద సమీకరణాలు ఎంత వేగంగా తేలుస్తుందో చూసే పరీక్ష మీద నడుస్తోంది. ఆ పరీక్ష రాసిన జాక్ డొంగారాకి 2021 ట్యూరింగ్ అవార్డు వచ్చింది. పెద్దాయన మీద గౌరవం బోలెడు. కానీ అసలు సైన్సు కోడ్లు ఎలా నడుస్తాయో తెలియాలంటే హెచ్‌పీసీజీ అని ఇంకో పరీక్ష ఉంది, దాని వెనకా ఆయనే ఉన్నాడు. అమెరికాలో ఫ్రాంటియర్ అనే యంత్రం 2022లో ఎక్సాఫ్లాప్ (సెకనుకి ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని లెక్కలు) దాటిందని పండగ చేసుకున్నారా, ఈ రెండో పరీక్షలో దానికి అందులో రెండు శాతం కూడా రాలేదు. ఆ ముక్క ఏ పేపర్లోనూ హెడ్డింగ్ కాదు.

మన దగ్గర కథ వేరు. 1991లో పుణెలో సీడాక్ అనే ప్రభుత్వ సంస్థ వాళ్ళు పరమ్ 8000 అనే సూపర్ కంప్యూటర్ కట్టినప్పుడు యంత్రం లేక ఇబ్బంది. ఇప్పుడు యంత్రాలున్నాయి. 2015లో నేషనల్ సూపర్‌కంప్యూటింగ్ మిషన్‌కి 4,500 కోట్లు అన్నారు, చాలా సంస్థలకి పరమ్ పేరుతో యంత్రాలు వచ్చాయి కూడా. నా గొడవల్లా ఒకటే: మాలాంటి చోట్ల యంత్రం కొనడానికి డబ్బుంటుంది, దాన్ని నడిపే మనిషికి పర్మనెంట్ పోస్టు ఉండదు. కాంట్రాక్టు కుర్రాడు పని నేర్చుకోగానే బెంగళూరు వెళ్ళిపోతాడు. అప్పుడు సిస్టం అడ్మిన్ ఎవరు? ప్రొఫెసరే. అందుకే పంచె కట్టుకుని గుండిగల పక్కన నిలబడతాడు.

జీతం బాగానే ఉంటుంది, దిగులు పడకండి. చుట్టాలందరూ ల్యాప్‌టాప్ స్లో అయిందని మీ వాడికే ఇస్తారు, అది వేరే సంగతి.

ఇక ఇంటికి టైం. మా యంత్రంలో వంతు కోసం ఆగిన జాబ్ క్యూలో ఉన్నట్టు, నడుస్తున్నది రన్ అవుతున్నట్టు. నేను "వస్తున్నా" అని ఫోన్లో చెప్తే మా అమ్మాయి, "క్యూలో ఉన్నారా నాన్నా, రన్ అవుతున్నారా?" అని అడుగుతుంది. క్యూలో అంటే వాళ్ళు భోజనం చేసేస్తారు.