రియాద్ బడి ఫీజు లెక్క బెంగళూరులోనే తేల్చుకోండి

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు. పదేళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా ఆయనకు రియాద్‌లో ఉద్యోగం వచ్చింది. జీతం నెలకు 18,000 రియాళ్లు, పాప చదువుకు ఏడాదికి 25,000 రియాళ్ల అలవెన్సు. పాపకు ఐదేళ్లు నిండాయి, ఎల్‌కేజీ అయింది. అక్కడ అరబిక్, ఇంగ్లిష్ రెండింటిలోనూ పాఠాలు చెప్పే ఇంటర్నేషనల్ స్కూల్ ఒకటి నచ్చింది. ఫీజు 36,000, బస్సు 6,000 రియాళ్లు. నేను నెలకు 65,000 రూపాయలొచ్చే ఉద్యోగం మానేసి వెళ్లాలి. ఇక్కడి ఫ్లాటుకు 48,000 ఈఎంఐ ఉంది. నాలుగైదేళ్లు ఉండి వచ్చేద్దామనుకుంటున్నాం. పాపను ఆ స్కూల్లో వేయొచ్చా?

జవాబు: మీరు పంపిన ఫీజు కాగితం ఫోటోను పెద్దది చేసుకుని చూశానమ్మా. ఎడమ పక్క ఇంగ్లిష్, కుడి పక్క అరబిక్. అరబిక్ అంకెల్లో ఐదు అచ్చం మన సున్నాలా ఉంటుంది, సున్నా ఏమో ఒట్టి చుక్క. అందుకని బుద్ధిగా ఇంగ్లిష్ పక్కే చదివాను. అట్టడుగున చిన్న అక్షరాల్లో ‘ట్యూషన్ ఫీజుకు వ్యాట్ అదనం’ అని ఉంది. మీ ఉత్తరంలో దాని ఊసే లేదు.

సౌదీలో 2020 జూలై నుంచి వ్యాట్ 15 శాతం. ప్రైవేటు బడి ఫీజు మీద అక్కడి పౌరులకు ఆ భారాన్ని ప్రభుత్వమే మోస్తుంది, మనవాళ్లు మాత్రం కట్టుకోవాల్సిందే. అంటే 36,000 కాస్తా 41,400 అయింది. బస్సుతో కలిపి 47,400. అలవెన్సు పోను మీ చేతి నుంచి పడేది 22,400 రియాళ్లు.

ఇంకొకటి ఉంది. ఉద్యోగి మీద ఆధారపడి వెళ్లే ప్రతి కుటుంబ సభ్యుడికీ సౌదీ ప్రభుత్వం నెలకు 400 రియాళ్ల చొప్పున డిపెండెంట్ ఫీజు తీసుకుంటుంది. 2017లో వందతో మొదలుపెట్టి ఏటా వంద పెంచుతూ 2020కి అక్కడికి తెచ్చారు. మీకూ పాపకూ కలిపి ఏడాదికి 9,600. దీన్ని కొన్ని కంపెనీలు భరిస్తాయి, కొన్ని భరించవు. మీ ఆఫర్ లెటర్‌లో ఆ మాట కనబడలేదు కాబట్టి మీ మీదే పడుతుందనుకుందాం. మొత్తం 32,000 రియాళ్లు. రియాల్‌కు 23 రూపాయలు వేసుకున్నా ఏడాదికి 7,36,000. ‘ఫీజు కంపెనీయే ఇస్తుంది కదా’ అని మీ ఆయన అంటున్నారని రాశారు. ఈ అంకె ఒకసారి ఆయనకు చూపించండి.

దీనికి పోయే మీ జీతం 7,80,000 కలపండి. పదిహేను లక్షలు దాటింది. వెళ్లొద్దని కాదు నేను చెప్పేది. తండ్రి ఒకచోట, బిడ్డ ఒకచోట ఉండటానికి ఖరీదు కట్టే పని నాది కాదు. కానీ ఇందులో మీ చేతిలో ఉన్న ఖర్చు బడి ఒక్కటే.

అది తేలాలంటే ముందు తిరిగొచ్చే సంవత్సరం తేలాలి. నాలుగైదేళ్లన్నారు. నాలుగుకూ ఐదుకూ మధ్య పెద్ద ఇబ్బంది లేదు, ఏడైతే ఉంది. కర్ణాటకలో సీఈటీ ప్రవేశ పరీక్ష ద్వారా ప్రభుత్వ కోటా ఇంజనీరింగ్ సీటుకు మామూలు దారిలో అర్హత రావాలంటే ఒకటి నుంచి పన్నెండో తరగతి లోపు కనీసం ఏడేళ్లు ఈ రాష్ట్రంలో చదివి ఉండాలి. పాప ఆరో తరగతికి వచ్చి చేరితే పన్నెండుకు సరిగ్గా ఏడేళ్లు. ఏడో తరగతికి వస్తే ఆరే. ఎల్‌కేజీ లెక్కలోకి రాదు. పాప ఏమవుతుందో ఇప్పుడే ఎవరికి తెలుసు! అయినా ఒక దారి మూసుకుపోయే తేదీ తెలిసినప్పుడు క్యాలెండర్‌లో రాసి పెట్టుకోవడంలో నష్టం లేదు.

నాలుగైదేళ్లంటే మీరు నాలుగో తరగతికో ఐదుకో వస్తారు. అలాంటప్పుడు సగం పాఠాలు అరబిక్‌లో చెప్పే బడికి ఏటా అదనంగా ఐదు లక్షలు పెట్టడం నాకు సబబుగా అనిపించడం లేదు. ఆ మధ్య గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక కుటుంబం మా ఆఫీసుకు వచ్చింది. పెద్దవాళ్లు లోన్ గురించి మాట్లాడుతుంటే, నాలుగో తరగతి పిల్లాడు నా రైటింగ్ ప్యాడ్ తిప్పేసి, వెనక పేజీలో కుడి నుంచి ఎడమకు తన పేరు రాశాడు. ముత్యాల్లాంటి రాత. వాళ్ల నాన్న మురిసిపోయి, ఆ వెంటనే అసలు సంగతి చెప్పాడు. కన్నడ, హిందీ రెండూ అక్షరాల దగ్గర్నుంచే మొదలట, ట్యూషన్లకే నెలకు 9,000. అరబిక్ అక్కడ ఆగిపోయింది, మాట్లాడేవాళ్లు లేరు.

అరబిక్ మీద నాకు చిన్నచూపేమీ లేదు. మీరు పదేళ్లో పదిహేనేళ్లో గల్ఫ్‌లోనే స్థిరపడతామంటే ఇదే స్కూల్‌ను మంచి పెట్టుబడి అనేవాణ్ని. అప్పుడైనా రెండు అడగాలి. లెక్కలు, సైన్సు ఏ భాషలో చెబుతారు? చివరికి ఏ బోర్డు సర్టిఫికెట్ చేతికిస్తారు? ‘బైలింగ్వల్’ అని బోర్డు పెట్టి అరబిక్‌కు రోజూ ఒక్క పీరియడ్ ఇచ్చేవాళ్లూ ఉంటారు. బ్రోషర్ కాదు, ఒకటో తరగతి టైమ్‌టేబుల్ అడిగి తెప్పించుకోండి.

మీ విషయంలో రియాద్‌లోని ఇంటర్నేషనల్ ఇండియన్ స్కూల్, లేదంటే మరో సీబీఎస్ఈ స్కూల్ మొదట చూడండి. భారత రాయబార కార్యాలయం అండతో నడిచే ఆ స్కూల్ ఫీజు మీరు చూసినదానికంటే చాలా తక్కువ, మీ అలవెన్సులోనే సర్దుకోవాలి. అక్కడ భవనం, ఆటస్థలం మీకు నచ్చిన స్కూల్ స్థాయిలో ఉండకపోవచ్చు, తరగతిలో పిల్లలూ ఎక్కువే. అది ఒప్పుకోవాలి. కానీ తిరిగొచ్చినప్పుడు సిలబస్ టెన్షన్ ఉండదు. ఆగస్టు చివర్లో మొదలయ్యే అక్కడి బడి ఏడాదికీ మన ఏడాదికీ పొంతన కుదర్చాల్సిన పనీ లేదు.

అలా మిగిలే 22,400 రియాళ్లు నెలకు దాదాపు 43,000 రూపాయలు. మొదటి ఏడాది దాన్ని ముట్టుకోకుండా మీ ఆయన పేరున ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశంలో సంపాదించింది ఇక్కడ దాచుకునే ఖాతా) వేయండి. అక్కడ వీసా ఉద్యోగంతో ముడిపడి ఉంటుంది. ఉద్యోగం పోతే ముగ్గురికీ టికెట్లు, ఇక్కడ ఆరు నెలల ఈఎంఐ, మళ్లీ బడి అడ్మిషన్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. రెండో ఏడాది నుంచి సగం హోమ్ లోన్ అసలుకు, సగం సిప్‌కు, అంటే నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేదానికి. ఆయన ఎన్ఆర్ఐ కాగానే ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐలు ఇక్కడి ఆదాయానికి వాడే ఖాతా) మార్పించాలి. పాత పీపీఎఫ్ ఉంటే గడువు దాకా కొనసాగించుకోవచ్చు. ఫ్లాటు ఆయన పేరున ఉండి అద్దెకిస్తే, అద్దెకుండేవాళ్లు అద్దెలోంచి టీడీఎస్ (ముందుగానే మినహాయించే ఆదాయపు పన్ను) పట్టుకునే కట్టాలని ముందే చెప్పండి. చాలామందికి ఇది తెలియక తర్వాత నోటీసులొస్తాయి.

పాప తెలుగు మరిచిపోతుందని మీ అత్తగారి బెంగ అన్నారు. ఇంట్లో మీరిద్దరూ తెలుగులో మాట్లాడుకోండి చాలు, దానికి ఫీజూ లేదు, వ్యాట్ కూడా లేదు.

సంతకానికి ముందు మీ ఆయన్ను హెచ్ఆర్‌కు ఒక మెయిల్ పెట్టమనండి. డిపెండెంట్ ఫీజు ఎవరు కడతారు? అలవెన్సు బడి రసీదు చూపిస్తేనే ఇస్తారా, ఫీజు తక్కువైతే మిగతాది చేతికిస్తారా? రసీదుకే అయితే పైన చెప్పిన 43,000 అలాగే ఉంటుంది. చేతికిస్తే ఇంకా పెరుగుతుంది. జవాబు వచ్చాక రాయండి, సిప్ అంకె మళ్లీ వేసి పంపుతాను.