కుక్కలతో చిలికాలో రాత్రి బస: అమ్మాయికి పెదనాన్న లేఖ

రంభ, గంజాం జిల్లా

చి.ల.సౌ. అమ్మాయికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మీరు కొత్తగా కొన్న మరపడవలో నువ్వూ అల్లుడుగారూ రెండు కుక్కలను వెంటబెట్టుకుని చిలికా సరస్సులో కొన్ని రాత్రులు గడపాలనుకుంటున్నారనీ, జనసంచారం లేని లంగరు చోటు ఏదైనా చెప్పమనీ రాశావు. ఒక చోటు పేరు చెప్పి ఊరుకుంటే గాలి మారిన రోజున అది మీకు పనికిరాదు. పైగా కుక్కలున్న పడవకు చోటు ఎంచే పద్ధతే వేరు. కాబట్టి ఆ పద్ధతినే వివరంగా రాస్తున్నాను.

కార్తీక పౌర్ణమి దాటిన తరువాతే బయలుదేరండి. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12న మన గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది; 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర దాటింది. ఆ నెలల్లో సరస్సు మీద రాత్రి బస ఆలోచనే వద్దు. మార్గశిరం నుంచి మాఘం వరకు నీరు నెమ్మదిగా ఉంటుంది, ఎండ కుక్కలకు ఓర్చుకోదగినంతే ఉంటుంది. అయితే మకర సంక్రాంతి రోజుల్లో కాళీజాయి అమ్మవారి జాతరకు పడవలు బారులు తీరుతాయి గనుక, ఏకాంతం కోరేవారు ఆ వారం వదిలిపెట్టడం మంచిది.

సరిగ్గా ఆ చలికాలంలోనే చిలికాకు వలస పక్షులు పది లక్షలకు పైగా వస్తాయన్నది మీరు మొదట మనసులో పెట్టుకోవలసిన సంగతి. 1981లో, చిత్తడి నేలల రక్షణకు కుదిరిన అంతర్జాతీయ రామ్‌సర్ ఒప్పందం కింద గుర్తింపు పొందిన సరస్సు ఇది. నడుమనున్న సుమారు పదిహేను చదరపు కిలోమీటర్ల నలబాణ దీవి 1987 నుంచి పక్షుల అభయారణ్యం. వేల మైళ్ళు ఎగిరి వచ్చిన పక్షి మేత మేసి బలం కూడగట్టుకునే వేళ ఒక కుక్క మొరిగితే గుంపంతా లేస్తుంది, అలా లేచిన ప్రతిసారీ తిరుగు ప్రయాణానికి దాచుకున్న శక్తి కొంత ఖర్చవుతుంది. కనుక నలబాణ వైపు మీ పడవ వెళ్ళనే కూడదు. మిగతా చోట్ల కూడా నీటి మీద పక్షుల గుంపు కనిపిస్తే దూరం నుంచే చుట్టు తిరిగి పోండి. బయలుదేరే ముందు బాలుగావ్‌లోని వన్యప్రాణి విభాగం వారిని కలిసి, కుక్కలున్న సంగతి దాచకుండా చెప్పి, రాత్రి బసకు అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. అనుమతి రాకపోతే పగలంతా తిరిగి, రాత్రికి రంభ జెట్టీకి చేరుకోండి.

చోటు ఎంచడంలో మూడు సంగతులు కలిసి రావాలి. గాలి వచ్చే వైపున కొండ అడ్డు ఉండాలి. అడుగున బురద గాని ఇసుక గాని ఉండాలి. తెల్లవారీ తెల్లవారకముందే కుక్కలను దింపగలిగిన గట్టు దగ్గరలో ఉండాలి. మూడోది లేకపోతే మొదటి రెండూ ఉన్నా మీకు నిద్ర పట్టదు, ఎందుకంటే ఇంట్లో శుభ్రంగా పెరిగిన కుక్క పడవ మీద మూత్రం పోయడానికి ఇష్టపడక పన్నెండు గంటలైనా బిగబట్టుకుని మూలుగుతుంది. ఈ అవస్థ తప్పించడానికి ఒక కృత్రిమ పచ్చగడ్డి చాప కొని, నెల రోజుల ముందు నుంచే పెరట్లో దాని మీద అలవాటు చేయండి. వాసన పట్టిన ఆ చాపనే పడవలో పరిస్తే అవి గుర్తుపడతాయి.

కుక్కలను దింపే గట్టు ప్రధాన భూభాగానిదే కావాలి, దీవులది కాకూడదు. రంభ ఎదురుగా ఉన్న బర్కుడా దీవిలో చెట్ల వేళ్ళ మధ్య మెత్తటి మట్టిలో కాళ్ళు లేని ఒక జాతి నలికండ్లపాము బతుకుతుంది. 1917లో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అనండేల్ దానిని తొలిసారి శాస్త్రలోకానికి వర్ణించి, ఆ దీవి పేరే పెట్టాడు. అంతరించే ప్రమాదంలో ఉన్న అటువంటి ప్రాణి ఇంటిని మట్టి తవ్వే అలవాటున్న కుక్కకు అప్పగించడం నాకు ఎంత మాత్రమూ సమ్మతం కాదు. రుషికుల్య ముఖద్వారం దగ్గర ఇసుక తీరమూ అంతే. అక్కడ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయి, కుక్కలు ఆ గుడ్లను తవ్వి తినడం మన తీరంలో అందరికీ తెలిసిన బెడద.

లంగరు వేయడం సూర్యుడు కొండ దిగక ముందే ముగించాలి. వెదురు కట్టి వలలు బిగించిన రొయ్యల ఘేరీలు చీకట్లో కనిపించవు. వాటిలో ఇంజను రెక్క చిక్కితే మీకు చిక్కు, వల చిరిగితే జాలరికి నష్టం. ఎంచిన చోట గడతో లోతు, అడుగు రెండూ చూడండి: గడ మెత్తగా దిగి బిగుసుకుంటే లంగరు పడుతుంది, టక్కుమంటే కింద బండ ఉన్నట్టు. నీరు రెండు మీటర్లు, నీటిపై పడవ ముక్కు అర మీటరు ఎత్తు అనుకుంటే, ఆ రెండున్నరకు ఏడు రెట్లు, అంటే పదిహేడున్నర మీటర్ల మోకు వదలాలి. లంగరు దగ్గర కొన్ని మీటర్లు గొలుసు ఉంటే అది అడుగున పడుకుని పట్టు నిలుపుతుంది. ఇంజనును మెల్లగా వెనక్కి నడిపి లంగరును బిగించి, ఒడ్డున ఒక చెట్టు, ఒక బండ గుర్తు పెట్టుకుని అరగంట తరువాత అవి అక్కడే ఉన్నాయా అని చూడండి. రాత్రంతా తెల్ల దీపం పైన వెలగాలి, ఎందుకంటే చేపల వేటకు వెళ్ళే నాటుపడవలు తరచూ దీపం లేకుండానే సాగుతాయి. ఇంత చేశాక కూడా దగ్గరి పల్లెలో కుక్కలు మొరుగుతుంటే మీవి బదులు పలకక మానవు; అందువల్ల ఊళ్ళ ఎదురుగా లంగరు వేయకండి. గాలి నిలకడగా ఉన్న రోజున ఘంటశిల కొండల చాటు నాకు అన్నిటికన్నా నచ్చుతుంది.

ఇక కుక్కల ఒంటి సంగతి. చిలికా నీరు వానాకాలంలో కాస్త చప్పబడినా, ఎండ ముదిరే కొద్దీ ఉప్పెక్కుతుంది. కుక్క దాన్ని తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, ఎక్కువ తాగితే ప్రాణానికే ముప్పు. ముప్ఫై కిలోల కుక్కకు మామూలు రోజున లీటరున్నర నుంచి రెండు లీటర్ల మంచినీరు కావాలి, నడి ఎండకు అది రెట్టింపవుతుంది కాబట్టి ఒక్కొక్క దానికి రోజుకు నాలుగు లీటర్ల లెక్కన మోసుకెళ్ళండి. వీపున పిడి ఉన్న ప్రాణరక్షణ కోటు రెండింటికీ తప్పనిసరి. నీటిలో పడ్డ బరువైన కుక్కను ఆ పిడి లేకుండా పడవలోకి లాగడం ఇద్దరి వల్లా కాదు. మెడపట్టీకి తాడు కట్టి కమ్మీకి బిగించడం ఎప్పుడూ చేయవద్దు, అవతలికి దూకితే ఉరి పడుతుంది. ఛాతీకి కట్టే పట్టీయే వాడండి. ఇంజను పొగ నిలిచే గదిలో పడుకోనివ్వకండి.

గట్టు మీద కుక్కల తాడు చేతిలోంచి వదలకండి. జాలరులు వలలోంచి విడిచి పారేసిన చేపల్లో జెల్ల ముల్లు గొంతులో గుచ్చుకుంటుంది, పొట్ట ఉబ్బించుకునే విషపు చేప తింటే కుక్క బతకడం కష్టం. వీధి కుక్కలు కూడా ఉంటాయి కనుక, రేబిస్, డిస్టెంపర్, లెప్టోస్పైరోసిస్ టీకాలు ఎప్పుడు వేశారో చూసి, గడువు దగ్గరపడి ఉంటే బరంపురంలోని పశువైద్యుడి వద్ద ముందే వేయించండి. ఈత కొట్టిన ప్రతిసారీ మంచినీటితో కడిగి, చెవులు పొడిగా తుడిచి, కాలివేళ్ళ సందుల్లో పిడుదులు ఉన్నాయేమో వెతకండి.

మీ పడవ అడుగు నీటిలో ఎంత లోతు దిగుతుందో, లంగరు ఎన్ని కిలోలదో అల్లుడుగారిని కొలిచి రాయమను. ఇక్కడి సరంగును అడిగి, ఆ లోతుకు సరిపడే దారిని కాగితం మీద గీయించి పంపుతాను.

ఇట్లు,
మీ పెదనాన్న