అడ్రసు మారితే కణం మారుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ చదువుతోంది. స్టెమ్ సెల్‌ని మెత్తటి చోట ఉంచితే నరంలా, గట్టి చోట ఉంచితే ఎముకలా తయారవుతుందట, దానికి వేరే మందేమీ అక్కర్లేదట. నమ్మొచ్చా? మావారికి మోకాళ్ల అరుగుదల. స్టెమ్ సెల్ ఇంజక్షన్ చేయిస్తే పోతుందని ఎవరో చెప్పారు. డబ్బు కట్టమంటారా?
– ఒక గృహిణి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మాయి చెప్పింది నిజమేనమ్మా. కాకపోతే ‘నరంలా’ అన్నదాంట్లో ఆ ‘లా’ని వదిలేయకండి. కణానికి నరం పోలికలు వచ్చాయే గానీ, అది పూర్తి నరకణం అయిపోలేదు.

2006లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డెన్నిస్ డిషర్, ఆడమ్ ఎంగ్లర్ బృందం మనిషి ఎముక మజ్జలోని మూలకణాలను (స్టెమ్ సెల్స్) పాలీఅక్రిలమైడ్ జెల్ మీద పెంచింది. ఆ జెల్ నాకు పాత చుట్టం. గుంటూరు కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ప్రొటీన్లను విడదీయడానికి రెండు గాజు పలకల మధ్య పోసేదాన్ని. జెల్‌ను గట్టిపరిచే బిస్‌అక్రిలమైడ్ మోతాదు కాస్త తగ్గిందా, పలక విప్పుతుంటే చేతిలోనే చిరిగిపోయేది. మేం తలపట్టుకున్న ఆ తేడానే వాళ్లు ప్రయోగానికి వాడుకున్నారు. మెదడంత మెత్తగా, అంటే ఒక కిలోపాస్కల్ (గట్టిదనాన్ని కొలిచే లెక్క) లోపు ఉన్న జెల్ మీద కణాలు నరకణాల్లా కొమ్మలు చాచాయి. పది కిలోపాస్కల్ చుట్టుపక్కల కండరం లక్షణాలు, 25 నుంచి 40 మధ్య ఎముక లక్షణాలు చూపించాయి. తిండి మాత్రం అన్నిటికీ ఒకటే.

కణానికి ఎలా తెలుస్తుందంటారా? బందరు రోడ్డు మీద ముంజలు కొనేటప్పుడు లేతదా ముదురా అని వేలితో నొక్కి చూస్తాం కదా. కణం నొక్కదు, లాగుతుంది. గేదెను కట్టే గుంజను తలుచుకోండి. బురదలో పాతితే తాడు లాగగానే గుంజ కదిలి వచ్చేస్తుంది. గట్టి నేలలో అయితే తాడే బిగుసుకుంటుంది. కణం లోపల మయోసిన్ అనే ప్రొటీన్ ఇలాగే తాళ్లను లాగుతూ ఉంటుంది. ఎంత బిగిసిందన్న కబురు కేంద్రకం దాకా వెళ్లి, ఏ జన్యువులు పనిచేయాలో మారుస్తుంది. మయోసిన్‌ని మందుతో ఆపేస్తే మెత్తదనమూ గట్టిదనమూ రెండూ కణానికి ఒకటే అయిపోయాయి.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది కణం జ్ఞాపకం. 2014లో కొలరాడోలో క్రిస్టీ ఆన్సెత్ బృందం మూలకణాలను ముందు గట్టి ప్లాస్టిక్ డిష్‌లో ఉంచి, తర్వాత మెత్తటి జెల్‌కు మార్చింది. కొద్ది రోజులే ఉన్నవి పాత ఇంటిని మరిచిపోయాయి. పది రోజులున్నవి మాత్రం మెత్తటి చోటికి వచ్చాక కూడా ఎముక వైపే మొగ్గాయి. ల్యాబుల్లో మనం కణాలు పెంచేది ఆ ప్లాస్టిక్ మీదే! అది ఒంట్లోని ఏ మెత్తటి కణజాలం కన్నా వేల రెట్లు గట్టిది. ఇన్నేళ్లూ పిల్లలకు ఆ డిష్‌లు చూపిస్తూ దాని గురించి ఒక్క ముక్క చెప్పలేదు నేను.

ఇక మోకాలు. కణాన్ని ఎక్కడ దింపుతున్నామన్నది చిన్న విషయం కాదు. దెబ్బతిన్న ఎలుకల గుండెల్లోకి మజ్జ కణాలను ఎక్కిస్తే, కొన్నిటిలో సున్నపు గడ్డలు కట్టాయని 2007లోనే బయటపడింది. మచ్చకట్టిన గుండె గట్టిదనం కూడా ఒక కారణమేమోనని అనుమానం. అరిగిన కీలు ఎక్కించిన కణాలను ఎటు నడిపిస్తుందో ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ జబ్బుల్లాంటి వాటికి చేసే మజ్జ మార్పిడి, ప్రభుత్వ ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి పొందిన మందులు తప్ప, మిగతా స్టెమ్ సెల్ వైద్యమంతా క్లినికల్ ట్రయల్‌గానే, అంటే మనుషుల మీద చేసే పరీక్షగానే జరగాలి. ట్రయల్‌లో చేరేవాళ్ల దగ్గర దానికి డబ్బు తీసుకోకూడదు.

మా ఆడపడుచు వేరే ఊళ్లో ఒకచోట ఈ ఇంజక్షనే చేయించుకుని, గాజులు తాకట్టు పెట్టింది. మెట్లెక్కేటప్పుడు ఇప్పటికీ రెయిలింగ్ పట్టుకునే ఎక్కుతుంది. అందుకే డబ్బు కట్టొద్దంటున్నాను. ‘ట్రయలేనండీ’ అని వాళ్లంటే సీటీఆర్‌ఐ (దేశంలోని క్లినికల్ ట్రయల్స్‌ను నమోదు చేసే రిజిస్ట్రీ) నంబరు అడిగి, మీ అమ్మాయి చేత ఆ వెబ్‌సైట్‌లో వెతికించండి. ఈలోగా మీవారిని ఎముకల డాక్టరుకు చూపించి, ఫిజియోథెరపీ మొదలుపెట్టించండి.