ప్రశ్నలూ జవాబులూ: ఫ్యాన్ వేస్తే కదిలే వోల్టేజీ

ప్రశ్న: ఏడీ5791 చిప్‌తో ±10 వోల్టుల 20-బిట్ డ్యాక్ (అంకెల కోడ్‌ను వోల్టేజీగా మార్చే సర్క్యూట్) కట్టాను. కోడ్ ముట్టుకోకపోయినా, ఫ్యాన్ వేయగానే అవుట్‌పుట్ 30–40 మైక్రోవోల్టులు కదులుతోంది. రిఫరెన్స్ (డ్యాక్‌కు ఆధారమైన స్థిర వోల్టేజీ ఇచ్చే భాగం) పాడైందా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రిఫరెన్స్ జోలికి ఇప్పుడే పోకండి. 20 వోల్టులను 10,48,576తో భాగిస్తే ఒక మెట్టు, అంటే కోడ్ ఒకటి మారితే కదిలే వోల్టేజీ, 19 మైక్రోవోల్టులు. అంటే కదిలింది రెండు మెట్లే. రెండు రకాల లోహాలు కలిసిన చోట్ల వేడిలో తేడా ఉంటే ఆ మాత్రం వోల్టేజీ దానంతటదే పుడుతుంది. రాగికి రాగి తగిలితే డిగ్రీకి 0.2 మైక్రోవోల్టుకు మించదు. రాగికీ సీసం-తగరం సోల్డర్‌కీ మధ్య 1 నుంచి 3. లోహపు డబ్బా రిఫరెన్సుల కాళ్లకు వాడే కోవార్ అనే మిశ్రమలోహంతో సుమారు 40. నల్లబడిన రాగితో అయితే 1000 దాకా పోతుంది, అందుకే పాత వైరు కొసలను గీకి వాడాలి.

ముందు మీటర్ లీడ్ల కొసలు రెండింటినీ డ్యాక్ దగ్గరే శుభ్రమైన రాగి తీగతో కలిపి ఫ్యాన్ వేయండి. రీడింగ్ ఇంకా కదిలితే దోషం లీడ్లదే. నిలకడగా ఉంటే రిఫరెన్స్ మీదా చిప్ మీదా చిన్న అట్టపెట్టె బోర్లించి చూడండి. చాలా బోర్డులకు ఈ ఒక్కటే మందు. కొలిచేటప్పుడు లీడ్లు తిప్పి మరోసారి చదవండి. మొదటి దాంట్లోంచి రెండోది తీసేసి సగం చేస్తే లీడ్లలో పుట్టిన వోల్టేజీ, మీటర్ ఆఫ్‌సెట్ రెండూ పోతాయి.

ప్రశ్న: నా దగ్గర ఆరున్నర అంకెల మీటరే ఉంది. డ్యాక్ లీనియారిటీ (కోడ్‌తో పాటు వోల్టేజీ సరళరేఖలో పెరుగుతోందా అన్నది) చూడొచ్చా? – ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: చూడొచ్చు, నేరుగా 10 వోల్టుల రేంజ్‌లో మాత్రం కాదు. అక్కడ చివరి అంకె 10 మైక్రోవోల్టులు, అర మెట్టు. ఏడీ5791 చిప్‌లో పై 6 బిట్లకు విడి సెగ్మెంట్లు (భాగాలు) ఉన్నాయి. ప్రతి 16,384 కోడ్లకు ఒకటి చొప్పున 64 అడుగులు, ఒక్కోటి 312.5 మిల్లీవోల్టులు. రెండు 9 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి, 10 కిలోఓమ్‌ల పది చుట్ల పాట్‌తో (తిప్పి మార్చుకునే రెసిస్టర్) ఎదురు వోల్టేజీ తయారుచేసుకోండి. మీటర్‌ను డ్యాక్‌కూ దానికీ మధ్య, 1 వోల్ట్ రేంజ్‌లో పెట్టండి. అడుగు మధ్యలో రీడింగ్ దాదాపు సున్నా అయ్యేలా పాట్ తిప్పి, కింది కోడ్, పై కోడ్, మళ్లీ కింది కోడ్ చదవండి. బ్యాటరీ మెల్లగా జారినా ఈ వరసలో సర్దుకుపోతుంది. రుణ వోల్టేజీలకు బ్యాటరీ కొసలు మార్చాలి.

చివరి కోడ్ 10,48,575 కాబట్టి ఆఖరి అడుగులో ఒక మెట్టు తక్కువ. అది మరిచిపోతే లేని వంపు కనిపిస్తుంది. అడుగులన్నీ కూడుతూ వెళ్లి, రెండు కొసలనూ కలిపే సరళరేఖ నుంచి తేడా తీయండి. ఒక్కో అడుగులో 1 మైక్రోవోల్టు యాదృచ్ఛిక తప్పుంటే 64 అడుగులకు అది 8 అవుతుంది. ఇంత చేసినా పెద్ద వంపే వస్తే చిప్ సెట్టింగులుండే కంట్రోల్ రిజిస్టర్ చూడండి: 20 వోల్టుల స్పాన్‌కు (కింది కొస నుంచి పై కొస దాకా ఉన్న వోల్టేజీ) లీనియారిటీ బిట్లు 1100 ఉండాలి. 0000 అనేది 10 వోల్టుల లోపు స్పాన్‌కు.

అసలు వోల్టు విలువ ఇలా తేలదు. దానికి ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌లకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపున్న ల్యాబ్‌కు వెళ్లాల్సిందే.

ప్రశ్న: పవర్ ఇస్తే అవుట్‌పుట్ సున్నా దగ్గరే ఉండిపోతోంది. – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీదీ ఏడీ5791 చిప్పే అయితే చిప్ బాగానే ఉంది. పవర్ వచ్చినప్పుడు అది అవుట్‌పుట్‌ను రెసిస్టర్ గుండా గ్రౌండ్‌కు కట్టేసుకుంటుంది. కంట్రోల్ రిజిస్టర్‌లో ఓపీజీఎన్‌డీ, డ్యాక్‌ట్రై బిట్లు రెండూ సున్నా చేస్తేనే వదులుతుంది.