మేకల మశూచి టీకా ఆవుకు ఎట్ల పనిచేస్తది?

లంపీ (పశువుల ఒంటి మీద గడ్డలు లేసే రోగం) రాకుండ మేకల మశూచి మందు తెచ్చి ఆవులకు పొడుస్తున్నరు, నమ్మొచ్చునా, గాలికుంటు (నోట్ల, గిట్టల కాడ పుండ్లు లేసే రోగం) టీకా వేయించిన గద అది సరిపోదా అని అడిగిన్రు అన్నా. 2022ల నేను గూడ అచ్చం ఇదే మాటన్న. అట్లన్నందుకు ఒక ఆవు పాలు పోగొట్టుకున్న.

మాది దేవరకొండ దిక్కు. అప్పుడు కొట్టంల రెండు జెర్సీ ఆవులు, ఒక జత ఎడ్లు ఉండె. సూది వేసెటోళ్లు ఊళ్లెకు వస్తే ఎడ్లకు, ఒక ఆవుకు వేయించిన. రెండో ఆవు ఈని నెలన్నర, పూటకు ఆరు లీటర్లు ఇస్తుండె. జ్వరం తగిలి పాలు తగ్గుతయని దాన్ని చేనుకాడికి తోలేసిన. నెల తిరగకముందే దానికి లంపీ తగిలింది. ముందు జ్వరం, తెల్లారేసరికి మెడ మీద, పొదుగు మీద గడ్డలు. ముందటి కాళ్లు వాచినయి, గడ్డి ముట్టలే. బతికింది గని ఆ ఈత పాలు మళ్ల రాలే. అదే కొట్టంల, అవే ఈగలు కుట్టిన మిగతా మూడింట్ల ఒక ఎద్దుకే మెడ కింద నాలుగు చిన్న గడ్డలు లేసి వారంల మానినయి.

గొర్రెల మశూచి, మేకల మశూచి, లంపీ మూడు ఒకే ఇంటి వైరస్‌లు. జన్యువులల్ల నూటికి 96 పాళ్లకు పైగా ఒకటే. బలం తగ్గించిన మేకల వైరస్‌ను ఎక్కిస్తే ఆవు ఒళ్లు దానితోని కొట్లాట నేర్చుకుంటది. రేపు లంపీ వస్తే పోలిక పట్టి తరుముతది. అయితే దగ్గరి సుట్టమే గని అదే కాదు, అందుకే మా ఎద్దుకు ఆ నాలుగు గడ్డలు. లంపీ వైరస్ నుంచే చేసిన టీకాను హిసార్, ఇజ్జత్‌నగర్ శాస్త్రవేత్తలు 2022లనే తయారు చేసిన్రు.

ఇది కొత్త సంగతేం గాదు. మా నాయిన కాలంల పశువులను ఊడ్చుకపోయిన ముసర రోగం, గొర్రెలకు, మేకలకు వచ్చే పారుడు రోగం గూడ ఇట్లనే సుట్టాలు. పారుడుకు సొంత టీకా లేనప్పుడు ముసర టీకానే జీవాలకు వేసెటోళ్లు. ముసర 2011ల లోకంల నుంచే పోయింది.

గాలికుంటు టీకా మాత్రం లంపీని ఆపదు, దాని వంశమే వేరు. అంతెందుకు, గాలికుంటుల గూడ ఓ, ఏ, ఏషియా-1 అని మన దేశంల మూడు రకాలు తిరుగుతున్నయి. పేరొకటే గని ఒకదాని టీకా ఇంకోదాన్ని ఆపదు. అందుకే మూడింటిని ఒక్క సీసాల కలిపి ఇస్తరు.

జ్వరం ఉన్నదానికి సూది వేయించకుండ్రి. టీకా బలం పట్టనీకి మూడు వారాలు కావాలె, పక్క కొట్టంల గడ్డలు కనబడేదాక ఆగొద్దు. అది బతికున్న వైరస్‌తోని చేసిన టీకా, ఎండ తగిలితే పనికిరాదు. సీసా ఐస్ డబ్బాల నుంచే తీసిన్రా, పశువుకో సూది మారుస్తున్నరా చూసుకోండ్రి. పాల సంగతంటరా, సూది వేయించిన ఆవుకు రెండు రోజులు లీటరు తగ్గింది. మూడోనాటికి మళ్ల ఎప్పటి లెక్కనే ఇచ్చింది.